తువ్వాలు కింద బేరం

పిల్లిగద్దలు చెట్టెక్కి పడుకోవు. అంతేసి రెక్కలు పెట్టుకుని, ఏ మంచుదేశాల నుంచో ఎగిరొచ్చి, చివరికి మా బీళ్లలో గడ్డి మధ్య నేల మీదే పడుకుంటాయి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గద్ద అంటే ఆకాశంలో తిరగాలి, లేదంటే కరెంటు స్తంభం మీద కూర్చోవాలి. కౌజుపిట్ట లాగా గడ్డిలో ముడుచుకునే గద్ద కోసం ఎవడైనా ఆదివారాలు పోగొట్టుకుంటాడా అనుకున్నాను. ఆ తర్వాత ఐదు చలికాలాలు నేనే పోగొట్టుకున్నాను.

మాది అనంతపురం పాతూరులో స్టీలు సామాన్ల అంగడి. తాత ఇత్తడి అమ్మాడు, నాయన అల్యూమినియం అమ్మాడు, నా వంతుకు స్టీలు వచ్చింది. సామాను మారినా బేరం మారలేదు. నాకు అక్షరాలు వచ్చేలోపే నాయన రెండు సూత్రాలు నేర్పాడు. ఒకటి, కావలసిన సరుకు మీద చూపు నిలపొద్దు, పక్కదాని ధర అడుగు. రెండు, చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకునేవాణ్ణి నమ్మొద్దు. వాడికి తెలిసింది ఏదో నీకు తెలియదు.

ఆ రెండో సూత్రం వల్లే నేను పక్షుల్లో పడ్డాను. ఒకరోజు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మేడం ఒకామె వచ్చి నాలుగు గిన్నెల క్యారియర్ అడిగింది. నేను అలవాటు కొద్దీ తగ్గించడానికి చోటు పెట్టి ధర చెప్పాను. ఆమె ఆ ధర ఇచ్చి, క్యారియర్ సంచీలో వేసుకుని వెళ్లిపోయింది. నాకు అనుమానం పట్టుకుంది. దాని జత క్యారియర్ అల్మారాలోంచి దించి, తలకిందులు చేసి, గోటితో కొట్టి చూశాను. పొరపాటున మంచి రకం తక్కువకు ఇచ్చేశానా అని రోజంతా తేరుకోలేకపోయాను. వారం తర్వాత ఆమె మళ్లీ వస్తే ఉండబట్టలేక అడిగాను.

"మేడం, ఆ పొద్దు బేరం ఎందుకు ఆడలేదు?"

"తొందరలో ఉన్నాను. పక్షుల్ని లెక్కపెట్టే పని ఉండె."

"లెక్కపెట్టి ఏం చేస్తారు?"

"రాసి పంపిస్తాం."

"పంపిస్తే ఏమొస్తుంది?"

"ఏం రాదు. లెక్క ఉంటుంది."

అమ్మని సరుకును లెక్కపెట్టేవాళ్లు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. అదే సమయానికి పెళ్లి సామాను కొనేవాళ్లు పళ్లేల దొంతి ముందు పెట్టుకుని ఎన్నున్నాయో తేల్చుకోలేక తన్నుకుంటున్నారు. నేను అంచులు చూసి, ముట్టుకోకుండానే సంఖ్య చెప్పాను. మేడం నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. సరుకు దొరికినవాళ్ల చూపు అది. ఆదివారం మధ్యాహ్నానికి నన్ను కారులో ఎక్కించుకుంది.

మా జట్టు ముగ్గురమే. మేడం, నేను, పాతూరులోనే కుట్టుమిషను నడిపే భాయ్. సూదిలో దారం ఎక్కించడానికి అతనికి ఇప్పటికీ కళ్లద్దాలు అక్కర్లేదు. అందుకే దూరంగా వచ్చే పక్షి తోక మీద పట్టీలు మొదట అతనికే కనిపిస్తాయి. చలికాలం ఆదివారాల్లో ఊరి చుట్టూ ఉన్న కుంటలు, డంపింగు యార్డు, శింగనమల చెరువుగట్టు అన్నీ తిరిగేవాళ్లం. అయినా మాకు ముఖ్యమైన చోటు ఒక్కటే. ఉరవకొండ వైపు వెళ్లే రోడ్డు దిగి, మట్టిదారిలో కాసేపు పోతే వచ్చే ఒక బీడు. బోదగడ్డి నడుము ఎత్తు పెరిగిన ఐదారెకరాల బీడు. చుట్టుపక్కల గాలిమరలు. ఆ గడ్డిలోనే పిల్లిగద్దలు పడుకునేవి.

లెక్కపెట్టే పద్ధతి ఇది. పొద్దు గుంకడానికి గంట ముందే ముగ్గురం మూడు మూలల్లో కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఒక గీత. నా గీత వేపచెట్టు నుంచి హద్దురాయి దాకా. ఆ గీత దాటి లోపలికి వచ్చినదాన్నే నేను లెక్కపెట్టాలి. కాగితం మీద రెండు వరుసలు, 'వచ్చినవి', 'దిగినవి' అని. మొదట మగవి వస్తాయి, బూడిద పూసుకున్నట్టు తెల్లగా. తర్వాత గోధుమరంగు ఆడవి, పిల్లలు. రెక్కలు కొంచెం పైకెత్తి, ఆడించకుండా, గడ్డి కొసలను తాకీ తాకనట్టు తేలుతూ వస్తాయి. ఒకటి రెండు సార్లు చుట్టు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, గడ్డిలోకి దిగిపోతాయి. దిగాక అక్కడ పక్షి ఉందని ప్రమాణం చేసి చెప్పినా ఎవరూ నమ్మరు.

మొదటి సాయంత్రం మేడం "ఎన్ని?" అంటే "ముప్పై" అన్నాను.

"సరిగ్గా ముప్పయ్యేనా?"

"ఇరవై ఆరు. మీరు తగ్గిస్తారు కదా అని..."

భాయ్ పడీపడీ నవ్వాడు. "మేడం, ఈ శెట్టి లెక్కలో కొసరు కలిపినాడు!"

మేడం నవ్వలేదు. "ఇక్కడ ఎవరూ తగ్గించి అడగరండీ. మీరు పెంచి చెప్పొద్దు" అంది. ఆమె పెట్టిన షరతు ఇంకొక్కటే. ఆ బీడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదు. బీడు రైతుకు కూడా.

ఐదో చలికాలం, జనవరి మొదటి ఆదివారం, పక్క చేన్లో గడ్డి లేదు. బ్లేడు పెట్టి నున్నగా గీకేశారు. హద్దుల్లో ఎర్రరంగు పూసిన కర్రలు పాతారు. ఆ చుట్టుపక్కల భూములన్నీ సోలారు పలకలకు లీజుకు అడుగుతున్నారని దారిలో టీ బంకు దగ్గర విన్నాం. మా బీడులో గడ్డి ఇంకా నిలబడే ఉంది. గద్దలు శివరాత్రి ప్రాంతానికి కానీ వెనక్కి మళ్లవు. అంటే ఆ గడ్డి ఇంకో నెలన్నర నిలబడాలి. అంతకు మించి మాకేమీ అక్కర్లేదు.

"ఏం చేద్దాం మేడం?" అన్నాను తిరుగుదారిలో.

"మనం చేయగలిగింది లేదు. ఉన్నన్నాళ్లు లెక్కపెడదాం."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఏమీ చేయలేం అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. ఎదుటివాడికి నోరుంటే చాలు, బేరం ఉన్నట్టే. భూమికి రైతు ఉన్నాడు, రైతుకు నోరుంది. నెలన్నర గడ్డిని నిలబెట్టలేనివాణ్ణి, ముప్పై ఏళ్లుగా గల్లా ముందు కూర్చుని ఏం చేసినట్టు? మంగళవారం అంగడి నాయనకు అప్పజెప్పి, మేడంకు చెప్పకుండా, స్కూటరు మీద ఒక్కణ్ణే పోయాను.

రైతు బీడు పక్కనే వేపచెట్టు కింద పలుపుతాడు పేనుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, కట్టెలా బిగిసిన ఒళ్లు, భుజం మీద తువ్వాలు. స్కూటరు ఆపేసరికి గుర్తుపట్టాడు.

"ఏం శెట్టీ, ఇట్ల దారి తప్పినావే? నీ అంగట్లో పోయినేడు బిందె తెచ్చుకుంటి. ఇంకా కారల్యా, మంచిదే."

నాయన మొదటి సూత్రం గుర్తు చేసుకుని, గడ్డి వైపు చూడకుండా, హద్దులో పడి ఉన్న రాళ్లకుప్ప చూపించాను. "ఆ రాళ్లు అమ్ముతావా పెద్దాయనా?"

"రాళ్లా? ఊరికే ఎత్తకపో. నాకు ఎద్దుల కాళ్లకు అడ్డం."

నా ఎత్తు అక్కడే పోయింది. పక్క సరుకు ఉచితంగా వస్తే ఏం చేయాలో నాయన నేర్పలేదు. కాసేపు ఆ రాళ్లనే మెచ్చుకుంటున్నట్టు నిలబడి, అప్పుడే చూసినట్టుగా అన్నాను. "గడ్డి బాగా పెరిగిందే. అది కూడా ఇస్తావా ఏమి?"

"గడ్డా? బోద. పశువులు కూడా మూతి పెట్టవు. నీకెందుకప్పా?"

"సామాను కట్టేదానికి. లారీలో వచ్చేటప్పుడు పగలకుండా మధ్యలో పెడతాం."

అతను పేనే తాడు ఆపాడు. "నీది స్టీలంగడి కదా శెట్టీ. గిన్నెలు పగుల్తాయా?"

"పింగాణీ కూడా పెడదామని..."

"అట్లనా. మంచిదప్పా. రేపే మనుషుల్ని పంపి కోయించుకో."

"వద్దు, వద్దు!" నోరు జారింది. "ఇప్పుడే కోయొద్దు. శివరాత్రి దాకా అట్లే నిలబెట్టు. అంతవరకు ట్రాక్టరు పెట్టొద్దు, నిప్పు పెట్టొద్దు, గొర్రెల్ని తోలొద్దు. దానికే నేను ధర ఇస్తా."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తాడు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆ చేయి నా వైపు చాపాడు. అప్పుడు అర్థమైంది, ఇతను సంతల్లో ఎద్దుల బేరం ఆడిన మనిషి. సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేయి పెట్టి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుని చెప్తారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకూడదని. ఏ వేలికి ఎంతో, ఏ పట్టుకు ఎంతో నాకు ఒక్కటీ తెలియదు. తెలియదని చెప్తే బేరం చేతిలోంచి పోతుందని భయం. చేయి పెట్టాను.

బండబారిన చేయి నా వేళ్లు రెండు పట్టుకుని నొక్కింది.

"ఇంతకు?"

"సరే" అన్నాను.

మూడు వేళ్లు పట్టుకున్నాడు. "ఇంతకు?"

"సరే."

ఈసారి వేళ్లన్నీ ఒక్కటిగా పట్టుకుని మెలిపెట్టినట్టు పిండాడు. కళ్లలోకే చూస్తున్నాడు. "ఇంతకు?"

"సరే పెద్దాయనా, సరే."

తువ్వాలు లాక్కుని దులిపి భుజం మీద వేసుకున్నాడు. "అట్లనే. పో శెట్టీ" అన్నాడు. నవ్వాడో లేదో గుర్తు లేదు. నేను మాత్రం స్కూటరు మీద పాట పాడుకుంటూ వచ్చాను.

దారిలో భాయ్ దగ్గర ఆగి, మేడంకు ఆదివారం దాకా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని, గడ్డి కుదిరిందని చెప్పాను. పాదం కింద మిషను ఆపి అడిగాడు, "ఎంతకు?"

"తెలియదు."

"బేరం కుదిరింది, ధర తెలీదా? నువ్వు శెట్టివేనా అన్నా, ఇంకెవురన్నా నీ మొగం పెట్టుకోని వచ్చినారా?"

అంగట్లో నాయనకు చెప్తే ఆయన నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు మెల్లగా గల్లా మీద పెట్టాడు.

"మూడు మార్లూ సరే అన్నావా?"

"అన్నా."

"పెంచినప్పుడల్లా?"

"ఊఁ."

"అయిపోయింది పో" అన్నాడు నాయన. నేను వాదించాను. పల్లె మనిషి, మాట ఇచ్చినాడు, తప్పడు అన్నాను. నాయన గుడ్డ తీసుకుని తళతళలాడుతున్న గిన్నెనే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు. క్యారియర్ తలకిందులు చేసి గోటితో కొట్టి చూసిన నా అవతారం ఆయనకు గుర్తుండే ఉంటుంది. నాకు గుర్తు రాలేదు.

ఆదివారం మట్టిదారి మలుపు తిరగగానే మేడం కారు ఆపింది. బీడు లేదు. ఐదారెకరాలూ దున్నేసి ఉంది. వాన లేని నేలను దున్నితే మెత్తని సాలు రాదు. తలకాయంత పెళ్లలు లేచి, వాటి మధ్య బోదగడ్డి దుబ్బులు వేర్లు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. ట్రాక్టరు చక్రాల గుర్తులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఊరకుక్కలు నాలుగైదు పెళ్లల మధ్య ముట్టెలు పెట్టి ఎలుకల్ని వెతుక్కుంటున్నాయి. హద్దులో రాళ్లకుప్ప మాత్రం అలాగే ఉంది. నేను ఎత్తుకుపోతానని ఉంచినట్టున్నాడు.

ఎవరూ ఏమీ అడగకముందే నేను అంతా చెప్పేశాను, రాళ్లు, పింగాణీ, తువ్వాలు. మేడం తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టు ఒక ధర లాంటిది, ఇచ్చేస్తే తీరిపోతుంది. ఆమె బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, "మీ మూలకు పోండి. పడమటి నుంచి వచ్చేవి మీవే" అంది.

"గడ్డే లేదు కదా మేడం. ఏం లెక్కపెడతాం?"

"అవి వస్తాయి కదా. వాటికి తెలియదు కదా."

వేపచెట్టు కింద కూర్చున్నాను. పలుపుతాడు పీచు ఇంకా అక్కడే రాలి ఉంది. కాసేపటికి మోపెడు వచ్చి ఆగింది. రైతు దిగి, నన్ను చూసి కొంచెం తటపటాయించి, వచ్చి పక్కనే గొంతుకూర్చున్నాడు.

"కోపంగుండావా శెట్టీ?"

"మాట ఇస్తివి కదా పెద్దాయనా."

"నేను యాడ ఇస్తిని? నీ చేయి చూస్తిని. ఎంత పట్టినా సరే అంటివి. ఎద్దు కొనేటోడు ఎవడన్నా అట్లంటాడా? వానికి ఆ ఎద్దు కడుపులో ఏమో కనపడిందని కదా అర్థం. ఊళ్లో ఇచారిస్తే తెలిసింది. నువ్వు ఇంగో ఇద్దురుతో ఇంతింత గాజుకళ్లు పెట్టుకోని పిట్టల్ని చూస్తాండావంట. పిట్టలుండాయని తెలిస్తే ఫారెస్టోళ్లు వచ్చి బోర్డు పాతుతారంట. ఆనక దున్నేదానికి ల్యా, సోలారోళ్లకు ఇచ్చేదానికి ల్యా."

"మేము బోర్డు పాతేవాళ్లం కాదు. శివరాత్రి దాకానే అడిగినాం."

"ఐదు బోర్లేసినా నేను ఈ భూమిలో. ఒగదాంట్లోనన్నా తడి రాలే. ఇన్నేండ్లకు ఇది నాకు ఇంత కూడు పెడతానంటాండాది. నువ్వొచ్చి రాళ్లంటివి, పింగాణీ అంటివి. నాకు బయం కాదా?"

అతని స్థానంలో నేనైతే ఆ సాయంత్రమే ట్రాక్టరు పిలిచేవాణ్ణి.

మొదటి మగ పిల్లిగద్ద హద్దురాయి పక్కగా గీత దాటింది. ఒకటి అని గీత గీశాను. అది ఎప్పటిలాగే తేలుతూ వచ్చి, కాళ్లు వదలబోయి, మళ్లీ ముడుచుకుని పైకి లేచింది. వెనక ఇంకో రెండు. తర్వాత గోధుమరంగువి గుంపుగా. దున్నిన నేల మీద అన్నీ చుట్లు తిరగసాగాయి. గాలి తప్ప శబ్దం లేదు. రెండు మూడు పెళ్లల మీద దిగాయి. గడ్డి లేని నేల మీద అవి ఎంత చిన్నవో అప్పుడు కనిపించింది. కుక్కలు చెవులు నిక్కించి పరిగెత్తగానే లేచిపోయాయి. మళ్లీ దిగాయి. మళ్లీ కుక్కలు. నేను మట్టిబెడ్డ తీసుకుని కుక్కల మీద విసిరాను. పక్షులే బెదిరి ఇంకా పైకి పోయాయి.

రైతు తల వెనక్కి వంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఇవేనా? ఇన్నుండాయా? ఇన్నేండ్లూ నా గడ్డిలోనే పండుకుంటాండెనా?"

"ఊఁ."

"నేను ఒగనాడన్నా చూడకపోతినే." తల దించకుండానే, "ఇప్పుడు యాడికి పోతాయి?" అన్నాడు.

"తెలియదు."

"ఇవి చూసేదానికి వచ్చినానని ముందే చెప్పుంటే ఏం పోతాండె శెట్టీ?"

"చెప్పింటే ఆగేటోనివా?"

అతను తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఏమో" అన్నాడు. "ఆగేటోన్నేమో. ఆగకపోదునేమో."

ఆ ఒక్క 'ఏమో' కోసం నేను ఇప్పటికీ ఆ చెట్టు కిందికి తిరిగి వెళుతుంటాను, మనసులో. ఒక్కోసారి నిజం చెప్తాను. అతను ఒక్కోసారి సరే అంటాడు, ఒక్కోసారి అనడు. ఏ బేరమూ తెగదు.

వెలుతురు తగ్గేసరికి గద్దలు దక్షిణంగా జరిగాయి. ఒక్కసారిగా కాదు, చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెంగా. గాలిమరల ఎర్రదీపాలు వెలిగాయి. వాటి మధ్యలోకి వెళ్లాక ఇక కనిపించలేదు. మేడం, భాయ్ నా మూలకు వచ్చారు. వచ్చినవి చెప్పుకున్నాం. భాయ్ ఈసారి కొసరు గురించి ఏమీ అనలేదు. 'దిగినవి' దగ్గర నా పెన్ను ఆగింది.

"ఒకటి రాద్దాం మేడం" అన్నాను. "ఆ మధ్యలో ఒకటి లేవలేదు, పెళ్ల పక్కన."

"చూశారా?"

"చూసినట్టే ఉంది."

మేడం నా కాగితం వైపు చూసింది. అలాగే నిలబడింది. నేను సున్న చుట్టాను.

"ఉండాది, ఉండాది" అన్నాడు రైతు హడావుడిగా, చేయి చాపి. "ఆడ చూడుండి, నల్లగ. ఒగటి మిగిలిండాది."

ముగ్గురం చూశాం. భాయ్ కళ్లు చికిలించి చాలాసేపు చూసి, "పెళ్లప్పా అది" అన్నాడు మెల్లగా.

రైతు నమ్మలేదు. చెప్పులు విడిచి, బెదిరిపోతుందేమో అన్నట్టు వంగి వంగి, పెళ్లలు తొక్కుకుంటూ అటువైపు నడిచాడు. మేము చూస్తూ నిలబడ్డాం. చీకట్లో అతని తువ్వాలు తెల్లగా కనిపిస్తూ అక్కడిదాకా పోయి ఆగింది. ఏమీ ఎగరలేదు.